యారో రెస్ట్

యారో రెస్ట్ అనగా విల్లు మధ్యభాగానికి బిగించి, బాణపు కాడను ఆనించి ఉంచే చిన్న పరికరం. దీనిని తెలుగులో బాణపు ఆనిక అని చెప్పుకోవచ్చు. వింటినారిని లాగడం మొదలుపెట్టినప్పటి నుండి బాణం విల్లును దాటిపోయే వరకు బాణపు ముందుభాగాన్ని మోసేది ఇదే. బాణపు వెనుక కొస వింటినారికి, ముందుభాగం యారో రెస్టుకు ఆని ఉంటాయి. ఈ రెండు బిందువులే బాణం ఏ దిశలో బయలుదేరాలో నిర్ణయిస్తాయి.

యారో రెస్టు విలువిద్య పోటీలలోనూ, విల్లుతో వేటాడటాన్ని చట్టం అనుమతించే దేశాలలో వేటలోనూ వాడుకలో ఉంది. పోటీలో ఇది సరిగా పనిచేయకపోతే పోయేది పాయింట్లే. వేటలో అయితే జంతువు వెంటనే చనిపోక గాయంతో తప్పించుకుని, రోజుల తరబడి బాధపడే ప్రమాదం ఉంది. అందువలన వేట విల్లుకు రెస్టును ఎంచుకునేటప్పుడు వేగం, ధర, రూపం కంటే నమ్మకానికే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తారు.

పదజాలం

ఈ వ్యాసంలో వచ్చే కొన్ని పదాలకు అర్థాలు:

* రైజర్: చేతితో పట్టుకునే విల్లు మధ్యభాగం. యారో రెస్టును దీనికే బిగిస్తారు.
* లింబ్: రైజర్‌కు పైన, క్రింద ఉండే, వంగే బద్ద. విల్లు శక్తి అంతా ఇందులోనే నిలువ ఉంటుంది.
* వింటినారి: అల్లెత్రాడు. బాణాన్ని ముందుకు నెట్టేది.
* కాంపౌండ్ విల్లు: లింబుల కొసలలో క్యామ్ అనే చక్రాలు, వాటిని కలుపుతూ కేబుళ్ళు గల ఆధునిక విల్లు.
* రికర్వ్ విల్లు: కొసలు ముందుకు వంపు తిరిగి, చక్రాలు లేని విల్లు.
* ములికి: బాణపు మొన. వేటలో వాడే వెడల్పాటి పదునైన ములికిని బ్రాడ్‌హెడ్ అంటారు.
* రిలీజ్ ఎయిడ్: వ్రేళ్ళకు బదులుగా వింటినారిని పట్టుకుని, మీట నొక్కగానే వదిలే పరికరం.

చరిత్ర

మానవుడు విల్లు వాడిన వేల సంవత్సరాలలో అధిక కాలం ప్రత్యేకమైన యారో రెస్టు అంటూ ఏదీ లేదు. విల్లు పట్టిన చేతి వ్రేలి కణుపు మీదనో, బొటనవ్రేలి మీదనో బాణాన్ని ఆనించి వదిలేవారు. ఐరోపా పద్ధతిలో మూడు వ్రేళ్ళతో నారిని లాగే కుడిచేతి విలుకాడు బాణాన్ని విల్లుకు ఎడమ ప్రక్కన ఉంచుతాడు. బొటనవ్రేలితో నారిని లాగే ఆసియా పద్ధతిలో బాణం విల్లుకు కుడి ప్రక్కన, బొటనవ్రేలి మీద ఆని ఉంటుంది. నల్లమల అడవులలోని చెంచులు మొదలైన వారి సాంప్రదాయిక వెదురు విల్లులలో కూడా బాణానికి వేరుగా ఆధారం ఉండదు. చేయే ఆధారం.

అమెరికాలో ఆధునిక విల్లు వేటకు మూలపురుషులుగా సాక్స్‌టన్ పోప్, ఆర్థర్ యంగ్ లను పేర్కొంటారు. పోప్ ఒక వైద్యుడు. యాహీ తెగకు చెందిన ఇషి వద్ద ఆయన విలువిద్య నేర్చుకున్నాడు. ఇషి 1916లో మరణించాడు. పోప్ వ్రాసిన గ్రంథం 1923లో వెలువడిన తరువాత విల్లు వేట పట్ల ఆసక్తి పెరిగింది. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రం విల్లుతో జింకలను వేటాడటానికి ప్రత్యేక కాలాన్ని కేటాయించింది.

1930లలో భౌతిక శాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ అతివేగ ఛాయాచిత్రాల సహాయంతో, వదిలిన బాణం విల్లును దాటేటప్పుడు ప్రక్కలకు వంగుతూ పోతుందని చూపించాడు. బాణం విల్లుకు ప్రక్కన ఉన్నప్పటికీ సూటిగా గురివైపు వెళ్ళడానికి ఈ వంపే కారణం. దీనిని విలుకాని విరోధాభాస అని వ్యవహరిస్తారు. ఈ అవగాహనతో పాటు, బాణం విల్లు మధ్యరేఖకు దగ్గరగా ఉండేలా రైజర్‌లో గాడి కోసే పద్ధతి వ్యాపించింది. గాడి ఏర్పడిన తరువాతనే అందులో బిగించే ప్రత్యేక రెస్టులకు అవకాశం కలిగింది.

1966లో మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ కాంపౌండ్ విల్లుకు పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. 1969లో పేటెంటు లభించింది. కాంపౌండ్ విల్లులు, వాటితోపాటు రిలీజ్ ఎయిడ్‌లు వ్యాపించడంతో యారో రెస్టుల నిర్మాణం పూర్తిగా మారిపోయింది. నేడు వేటకు వాడే రెస్టులలో అధికభాగం కాంపౌండ్ విల్లు కోసం రూపొందినవే.

పనిచేసే విధానం

వేటకు వాడే ఆధునిక కాంపౌండ్ విల్లు నుండి బాణం సెకనుకు 80 నుండి 100 మీటర్ల వేగంతో వెలువడుతుంది. వింటినారి బాణాన్ని నెట్టే దూరం అర మీటరు పైచిలుకు మాత్రమే. కాబట్టి నారి వదిలిన క్షణం నుండి బాణం నారిని విడిచే వరకు పట్టే సమయం సెకనులో వందో వంతు కంటే కొద్దిగా ఎక్కువ. యారో రెస్టు చేసే పని అంతా ఈ వ్యవధిలోనే పూర్తి కావాలి. ఇందులో పరస్పర విరుద్ధమైన రెండు బాధ్యతలు ఉన్నాయి.

1. బాణం కదలిక ఆరంభంలో కాడను కదలకుండా మోయాలి.
2. కాడ వెనుక ఉన్న ఈకలు చేరుకునే సరికి వాటి దారికి అడ్డు రాకూడదు.

ఈకలు రెస్టుకు తగిలితే బాణం వెనుక భాగం ఎగిరి, గమనం వంకరపోతుంది. మామూలు ములికి ఉన్న బాణం ఈ లోపాన్ని కొంత దూరంలో సరిచేసుకుంటుంది. బ్రాడ్‌హెడ్ బిగించిన బాణం అలా సరిచేసుకోలేదు. దాని అలుగులే గాలిలో రెక్కల వలె పనిచేసి బాణాన్ని ప్రక్కకు లాగుతాయి.

నారిని వదిలే పద్ధతిని బట్టి కూడా రెస్టు మారుతుంది. వ్రేళ్ళతో వదిలినప్పుడు నారి వ్రేళ్ళ చుట్టూ జారుకుంటూ ప్రక్కకు కదులుతుంది, బాణం కుడి ఎడమలకు వంగుతుంది. కాబట్టి రికర్వ్ విల్లులో బాణానికి ప్రక్క నుండి ఆధారం అవసరం. రిలీజ్ ఎయిడ్‌తో వదిలినప్పుడు బాణం ప్రధానంగా పైకి క్రిందికి వంగుతుంది. కాబట్టి కాంపౌండ్ విల్లులో క్రింది నుండి ఇచ్చే ఆధారం ముఖ్యం.

రకాలు

విల్లు అంచు

సాంప్రదాయిక రికర్వ్ విల్లులలోను, పొడవు విల్లులలోను గాడి అడుగు అంచునే రెస్టుగా వాడతారు. దాని మీద తోలు ముక్కను గాని, నూగు గల గుడ్డను గాని అంటిస్తారు. కదిలే భాగం ఏదీ లేదు కనుక చెడిపోవడానికి కూడా ఏమీ లేదు. ప్లాస్టిక్ ఈకలు అంచుకు తగిలి బాణాన్ని ఎగరగొడతాయి. అందువలన అణిగిపోయే స్వభావం గల పక్షి ఈకలనే ఈ పద్ధతిలో వాడతారు.

ఫ్లిప్పర్ రెస్టు, ప్లంజరు

రికర్వ్ విల్లులో సన్నని తీగ చేయి ఒకటి బాణాన్ని మోస్తుంది. బాణం దాటగానే ఈ చేయి ప్రక్కకు మడుచుకుంటుంది. దీనికి తోడుగా రైజర్ గుండా బిగించే స్ప్రింగు మీట ప్రక్క ఒత్తిడిని సర్దుతుంది. ఈ మీటను ప్లంజరు అనీ, దీనికి ప్రాచుర్యం కల్పించిన అమెరికా విలుకాడు విక్ బర్గర్ పేరు మీద బర్గర్ బటన్ అనీ అంటారు. రైజర్‌లో దీనిని బిగించే రంధ్రానికి బర్గర్ రంధ్రం అనే పేరు స్థిరపడింది. కాంపౌండ్ విల్లులలో యారో రెస్టును కూడా ఈ రంధ్రానికే బిగించడం ఆనవాయితీ.

రెండు కొమ్ముల రెస్టు

రెండు కొమ్ముల మధ్య బాణం కూర్చుంటుంది, క్రింది ఈక ఆ కొమ్ముల సందులోంచి దాటిపోతుంది. నిర్మాణం సులువు, ధర తక్కువ. అయితే విల్లును కొద్దిగా వంచినా బాణం కొమ్ముల నుండి జారిపడే అవకాశం ఉంది. బాణం లోహానికి తగిలి చేసే చప్పుడు మరొక లోపం.

బ్లేడ్ రెస్టు

పలుచని స్ప్రింగు ఉక్కు పలక కొసన చిన్న గాడి ఉంటుంది, బాణం ఆ గాడిలో కూర్చుంటుంది. కాంపౌండ్ విల్లు పోటీలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఖచ్చితత్వంలో మేలైనదే గాని, బాణాన్ని చుట్టూ పట్టి ఉంచదు. చదునైన మైదానంలో నిలబడి వేసే వారికి ఇది లోపం కాదు. చెట్టు మీది మంచెపై వంగి, చలికి వణుకుతూ బాణం వేసే వేటగాడికి ఇది పెద్ద లోపమే.

కుంచె రెస్టు

గుండ్రని చట్రంలో అన్నివైపుల నుండి మధ్యకు బిగించిన గట్టి కుచ్చులు, వాటి నడుమ బాణం పట్టేంత రంధ్రం ఉంటాయి. బాణం ఆ రంధ్రంలోంచి దూసుకుపోతుంది, ఈకలు కుచ్చులను తోసుకుంటూ వెళతాయి. విస్కర్ బిస్కెట్ అనే వ్యాపార నామం ఈ రకానికి పర్యాయపదంగా మారింది. విల్లును తలక్రిందులు చేసినా బాణం పడిపోదు. కదిలే భాగాలు, త్రాళ్ళు, స్ప్రింగులు లేవు.

లోపాలు కూడా స్పష్టమైనవే. ప్రతి బాణానికీ ఈకలు కుచ్చులకు రాసుకుంటాయి కాబట్టి వేగం సెకనుకు కొన్ని అడుగుల మేరకు తగ్గుతుంది. పక్షి ఈకలు త్వరగా పాడవుతాయి, గట్టి పొట్టి ప్లాస్టిక్ ఈకలు మాత్రమే నప్పుతాయి. కుచ్చులు క్రమంగా అరిగి బాణం క్రిందికి దిగుతుంది. మంచు గాని, తడి గాని పట్టి గడ్డకడితే కుచ్చులు బిరుసెక్కుతాయి. నారిని లాగేటప్పుడు సన్నని గీసుకునే చప్పుడు కూడా రావచ్చు.

డ్రాప్-అవే రెస్టు

బాణం కదలిక మొదలైన వెంటనే తనంతట తానే క్రిందికి పడి, ఈకలకు పూర్తిగా దారి ఇచ్చే రెస్టు ఇది. బాణాన్ని మోసే చేయిని లాంచర్ అంటారు. లాంచర్‌ను నడిపించే త్రాడు ఎక్కడ కట్టబడింది అన్నదాన్ని బట్టి ఇందులో రెండు విధాలు కలవు.

కేబుల్ ఆధారితం: త్రాటిని నారి లాగినప్పుడు క్రిందికి దిగే కేబుల్‌కు కడతారు. కేబుల్ దిగుతూ త్రాటిని లాగి లాంచర్‌ను పైకి లేపుతుంది. నారి వదిలినప్పుడు కేబుల్ వెనుకకు పోతుంది, స్ప్రింగు లాంచర్‌ను క్రిందికి పడవేస్తుంది. ఈ విధంలోని కొన్ని నమూనాలలో లాంచర్‌ను ముందుగానే వ్రేలితో పైకి లేపి నిలుపవచ్చు. నారిని మెల్లగా వెనుకకు దించినా అది పడదు, బాణం వేసినప్పుడే పడుతుంది.

లింబ్ ఆధారితం: త్రాటిని లింబ్‌కు కడతారు. విల్లు విశ్రాంతిలో ఉన్నప్పుడు త్రాడు బిగువుగా ఉండి లాంచర్‌ను క్రిందికి పట్టి ఉంచుతుంది. నారిని లాగితే లింబ్ వంగుతుంది, త్రాడు వదులవుతుంది, స్ప్రింగు లాంచర్‌ను పైకి లేపుతుంది. నారి వదిలితే లింబ్ వెనుకకు వచ్చి లాంచర్‌ను క్రిందికి లాగుతుంది.

నమ్మకాన్ని అంచనా వేయడం

ఏ యారో రెస్టు అయినా దుకాణంలో సరిగానే పనిచేస్తుంది. దాని నమ్మకం తెలిసేది చలిలో, తడిలో, ధూళిలో, వందల బాణాలు వేసిన తరువాత. కాబట్టి ఎంపికలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇది చెడిపోతుందా అని కాదు, చెడిపోయినప్పుడు ఏమవుతుంది అని.

* కేబుల్ ఆధారిత రెస్టులో త్రాడు తెగితే సామాన్యమైన నమూనాలలో లాంచర్ పైకి లేవదు. బాణానికి ఆధారం ఉండదు, ఆ స్థితిలో బాణం వేయరాదు. ముందుగా లేపి నిలిపే నమూనాలలో ఫలితం నిర్మాణాన్ని బట్టి మారుతుంది.
* లింబ్ ఆధారిత రెస్టులో త్రాడు తెగితే లాంచర్ పైననే నిలిచిపోతుంది. ఈకలు తగిలి గురి కొంత చెడవచ్చు గాని, బాణానికి ఆధారం మాత్రం ఉంటుంది.
* కుంచె రెస్టులో తెగేది ఏదీ లేదు. చెడిపోవడం మెల్లగా, కంటికి కనిపించేలా జరుగుతుంది.
* అన్ని రకాలలోనూ మర వదులు కావడం ఉమ్మడి ప్రమాదం. ఇది కంటికి కనిపించదు.

మర వదులు కావడం ఎంత నష్టం చేస్తుందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. పూర్తిగా లాగిన స్థితిలో నారికి, రెస్టుకు మధ్య దూరం సుమారు 70 సెంటీమీటర్లు అనుకుందాం. రెస్టు 1 మిల్లీమీటరు ప్రక్కకు జరిగితే, కేవలం జ్యామితి ప్రకారం 25 మీటర్ల దూరంలో బాణం సుమారు మూడున్నర సెంటీమీటర్లు తప్పుతుంది. 3 మిల్లీమీటర్లు జరిగితే తప్పు 10 సెంటీమీటర్లు దాటుతుంది. తెల్లతోక జింక రొమ్ములో గుండె, ఊపిరితిత్తులు ఉండే ప్రదేశాన్ని వేటగాళ్ళు సుమారు 20 సెంటీమీటర్ల వ్యాసం గల వృత్తంగా లెక్కిస్తారు. అనగా సరిగ్గా మధ్యకు గురిపెట్టినా బాణం ఆ వృత్తం బయట పడుతుంది. గురిచూసే సాధనం రైజర్‌కు వేరుగా బిగించి ఉంటుంది కనుక అందులో ఏ తేడా కనిపించదు. బాణం జంతువును చంపేది తాకిడి వల్ల కాదు, రక్తస్రావం వల్ల. కాబట్టి వృత్తం బయట తగిలిన బాణం తరచుగా గాయాన్నే మిగులుస్తుంది.

ఎంపికలో చూడవలసిన అంశాలు

విల్లు రకం: వ్రేళ్ళతో వేసే రికర్వ్ విల్లుకు అంచు గాని, ఫ్లిప్పరు గాని సరిపోతాయి. రిలీజ్ ఎయిడ్‌తో వేసే కాంపౌండ్ విల్లుకు కుంచె రెస్టు, డ్రాప్-అవే రెస్టు ప్రధానమైనవి. కుడిచేతి, ఎడమచేతి విల్లులకు వేరువేరు నమూనాలు ఉంటాయి.

బాణాన్ని పట్టి ఉంచడం: వేటగాడు గంటల తరబడి బాణం సంధించి ఎదురుచూస్తాడు. ఆ సమయంలో బాణం జారి లోహానికి తగిలి చప్పుడైతే జంతువు పారిపోతుంది. బాణం చుట్టూ మూసుకుని ఉండే చట్రం గల రెస్టు ఇందుకు అనుకూలం.

నిశ్శబ్దం: సెకనుకు 85 మీటర్ల వేగంతో పోయే బాణానికి 25 మీటర్లు దాటడానికి సెకనులో మూడో వంతుకు కొద్దిగా తక్కువ పడుతుంది. విల్లు చప్పుడు అదే దూరాన్ని సెకనులో పదో వంతు కూడా పట్టకుండా చేరుతుంది. ఈ వ్యవధిలో జింక బెదిరి క్రిందికి కుంగడం, ప్రక్కకు తిరగడం సాధారణం. కావున లాంచర్ మీద, రైజర్ అంచు మీద మెత్తని గుడ్డ గాని, రబ్బరు గొట్టం గాని అంటిస్తారు. పడిన లాంచర్ తిరిగి పైకి ఎగిరి ఈకలకు తగలకుండా నిలిచిపోయే ఏర్పాటు ఉందో లేదో చూడాలి.

బాణపు మందం: వేట బాణాల మందం సాధారణంగా 5 నుండి 8 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కుంచె రెస్టు రంధ్రం బాణానికి తగినదై ఉండాలి. సన్నని బాణానికి మారితే రెస్టు ఎత్తును మళ్ళీ సర్దాలి.

వాతావరణం: గడ్డకట్టే చలిలో కుచ్చులు బిరుసెక్కుతాయి, డ్రాప్-అవే రెస్టు కీలు కూడా గడ్డకట్టవచ్చు. ధూళి ఎక్కువగా ఉన్న చోట తెరచి ఉన్న స్ప్రింగులు మూసుకుపోతాయి.

సర్దుబాటు, మరమ్మతు: సన్నని మరతో మెల్లగా జరిపే ఏర్పాటు ఉంటే సర్దడం సులువు. అయితే సర్దే భాగాలు పెరిగిన కొద్దీ వదులయ్యే మరలు కూడా పెరుగుతాయి. సర్దిన తరువాత గట్టిగా బిగించి నిలిపే మర ప్రత్యేకంగా ఉండాలి. విల్లును ప్రెస్ యంత్రంలో పెట్టకుండానే త్రాటిని మార్చగలిగితే అడవిలో మరమ్మతు సాధ్యపడుతుంది.

పై అంశాలను కలిపి చూస్తే, కొత్తగా నేర్చుకునేవారికి, తక్కువ దూరంలో వేసేవారికి, నిర్వహణకు సమయం లేనివారికి కుంచె రెస్టు అనుకూలం. తరచుగా సాధన చేస్తూ, త్రాటిని, మరలను పరీక్షించే అలవాటు గలవారికి డ్రాప్-అవే రెస్టు మెరుగైన గమనాన్ని ఇస్తుంది. వాటిలో కూడా త్రాడు తెగినప్పుడు ఆధారం మిగలాలని కోరుకునేవారు లింబ్ ఆధారిత రకాన్ని, బాణం వేయకుండా నారిని దించినా లాంచర్ నిలిచి ఉండాలని కోరుకునేవారు నిలిపే ఏర్పాటు గల కేబుల్ ఆధారిత రకాన్ని ఎంచుకుంటారు.

బిగింపు, సర్దుబాటు

సాధారణంగా బాణం బర్గర్ రంధ్రం మధ్యగా పోయేటట్లు రెస్టు ఎత్తును నిర్ణయిస్తారు. ప్రక్క దిశలో, రైజర్ లోపలి గోడ నుండి బాణపు మధ్యరేఖకు 13/16 అంగుళం, అనగా సుమారు 20 మిల్లీమీటర్ల దూరం అనేక కాంపౌండ్ విల్లులకు ఆరంభ కొలతగా ఉంటుంది. విల్లు తయారీదారు వేరే కొలత ఇచ్చి ఉంటే దానినే పాటించాలి. ఇటీవలి కొన్ని విల్లులలో రైజర్ వెనుక భాగంలోనే రెస్టు జారి కూర్చునే గాడి ఉంటుంది. ఒక్క మరతో వ్రేలాడే పాత పద్ధతి కంటే ఇది రెస్టు తిరిగిపోకుండా బాగా ఆపుతుంది.

కేబుల్ ఆధారిత రెస్టులో త్రాటి పొడవు కీలకం. నారిని పూర్తిగా లాగడానికి ఇంకా రెండున్నర నుండి ఐదు సెంటీమీటర్లు మిగిలి ఉండగా లాంచర్ పూర్తిగా పైకి లేవాలి. మరీ ముందుగా లేస్తే, పడటం ఆలస్యమై ఈకలకు తగులుతుంది. మరీ ఆలస్యమైతే లాంచర్ పూర్తి ఎత్తుకు చేరదు. కొత్త నారి, కేబుళ్ళు వాడకంలో కొంత సాగుతాయి. అప్పుడు ఈ కొలతను మళ్ళీ సరిచూడాలి.

పరీక్షలు

* పౌడరు పరీక్ష: రెస్టు మీద, రైజర్ అంచు మీద పౌడరు గాని, ఈకల అంచులకు లిప్‌స్టిక్ గాని పూసి ఒక బాణం వేస్తారు. గీతలు పడిన చోట ఈకలు తగులుతున్నట్లు తెలుస్తుంది.
* కాగితపు పరీక్ష: చట్రానికి బిగించిన కాగితం గుండా సుమారు 2 మీటర్ల దూరం నుండి బాణం వేస్తారు. ములికి చేసిన రంధ్రం కంటే పైన ఈకల చీలిక కనిపిస్తే బాణపు తోక ఎత్తుగా పోతున్నట్లు లెక్క. అప్పుడు రెస్టును కొద్దిగా పైకి జరపడమో, నారి మీద బాణం కూర్చునే చోటును క్రిందికి దించడమో చేస్తారు. చీలిక క్రింద కనిపిస్తే ఇందుకు విరుద్ధంగా చేస్తారు.
* బ్రాడ్‌హెడ్ పరీక్ష: ఒకే గురికి సాధన ములికితో కొన్ని బాణాలు, బ్రాడ్‌హెడ్‌తో కొన్ని బాణాలు వేస్తారు. రెండూ ఒకే చోట పడాలి. బ్రాడ్‌హెడ్ బాణాలు కుడివైపు పడితే రెస్టును ఎడమకు, పైన పడితే క్రిందికి, ఒక్కొక్కసారి ఒక మిల్లీమీటరుకు మించకుండా జరుపుతారు.

వేటకు ముందు ఈ మూడింటిలో చివరి పరీక్ష తప్పనిసరి. మామూలు ములికితో చక్కగా పడే విల్లు బ్రాడ్‌హెడ్‌తో కూడా అలాగే వేస్తుందని భావించడం పొరపాటు.

నిర్వహణ, భద్రత

సర్దుబాటు పూర్తయిన తరువాత మరలకు వదులు కాకుండా పట్టే జిగురు వేస్తారు. రెస్టుకు, రైజర్‌కు మీదుగా తెల్లరంగుతో సన్నని గీత గీస్తే, రెస్టు జరిగిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. త్రాడు పోగులు విడిపోతుంటే వెంటనే మార్చాలి. వేటకు వెళ్ళేటప్పుడు అదనపు త్రాడు ముక్క, మరలకు సరిపోయే ఎల్లెన్ కీ వెంట ఉంచుకోవాలి. కీలుకు చిక్కని నూనె వేయరాదు. అది ధూళిని పట్టి, చలిలో గట్టిపడుతుంది.

పూర్తిగా లాగిన స్థితిలో బాణం రెస్టు నుండి జారిపడితే నారిని వదలరాదు. వంకరగా ఉన్న బాణం విరిగి విల్లు పట్టిన చేతిలోకి దిగే ప్రమాదం ఉంది. కార్బన్ బాణం విరిగితే సూదుల వంటి పెళుసులుగా చీలుతుంది. అటువంటప్పుడు గురివైపే చూపుతూ నారిని మెల్లగా దించడం ఒక్కటే మార్గం. బాణం లేకుండా నారిని వదలడం కూడా నిషిద్ధం, లింబులు పగిలిపోవచ్చు. బాణం మరీ పొట్టిగా ఉంటే బ్రాడ్‌హెడ్ అలుగు రెస్టు చట్రానికి గాని, చేతికి గాని తగులుతుంది. కాబట్టి పూర్తిగా లాగిన స్థితిలో ములికి ఎక్కడ ఉందో ముందే సరిచూసుకోవాలి.

నియమాలు, చట్టాలు

వరల్డ్ ఆర్చరీ నియమాల ప్రకారం బాణం రెస్టుకు ఆనే బిందువు చేతిపిడి గొంతు నుండి లోపలికి రికర్వ్ విల్లులో 4 సెంటీమీటర్లు, కాంపౌండ్ విల్లులో 6 సెంటీమీటర్లు మించరాదు.

అమెరికాలో విల్లు వేట నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. ఐడహో, మోంటానా, కొలరాడో వంటి రాష్ట్రాలు విల్లుకు బిగించే ఎలక్ట్రానిక్ పరికరాలపై ఆంక్షలు విధించాయి. విల్లుల మీద, వాటికి బిగించే ఉపకరణాల మీద అక్కడి కేంద్ర ప్రభుత్వం తయారీదారుల నుండి 11 శాతం ఎక్సైజు పన్ను వసూలు చేస్తుంది. ఈ సొమ్ము 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం క్రింద వన్యప్రాణి సంరక్షణకు, వేట శిక్షణకు రాష్ట్రాలకు చేరుతుంది. ఫ్రాన్స్, స్పెయిన్, హంగేరీ దేశాలలో విల్లు వేటకు అనుమతి ఉంది. బ్రిటన్‌లో ఇది చట్టవిరుద్ధం.

భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వన్యప్రాణుల వేట నిషిద్ధం. విల్లుతో వేటాడినా నేరమే. కాబట్టి మన దేశంలో యారో రెస్టు కేవలం క్రీడా పరికరం. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ విలువిద్యకు పేరుపొందిన కేంద్రం. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో కాంపౌండ్ విభాగంలో మూడు స్వర్ణ పతకాలు సాధించింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీని చేర్చాలని 2025లో నిర్ణయించారు. కాంపౌండ్ విల్లుకు ఒలింపిక్స్‌లో స్థానం దక్కడం ఇదే మొదటిసారి. పోటీ విల్లుకైనా బిగింపు, సర్దుబాటు, నిర్వహణ సూత్రాలు పైన చెప్పినవే వర్తిస్తాయి.

ఇవి కూడా చూడండి

* విలువిద్య
* విల్లు
* బాణం
* కాంపౌండ్ విల్లు
* చెంచులు
* వెన్నం జ్యోతి సురేఖ
* వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972